11వ నంబరు హెచ్చరిక

పోర్టుల్లో ఎగరేసే తుపాను హెచ్చరికల్లో పదో నంబరే ఆఖరిదని చాలామంది అనుకుంటారు. దానిపైన 11 ఉంది. వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, ప్రమాదం ఉందని ఇక్కడి అధికారే తేల్చుకున్నాడు అని దానర్థం. మన కాళ్ల మీద మనం నిలబడటం అని ఎన్ని కబుర్లు చెప్పుకున్నా, పైనుంచి ఏ కబురూ రాని ఆ గంటల్లో ఇంట్లో ఏముందన్నదే అసలు లెక్క. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీదే తీరం దాటినప్పుడు ఊరంతా ఆ లెక్క చూసుకోవాల్సొచ్చింది.

మొదట నీళ్లు. తాగడానికీ వంటకీ మనిషికి రోజుకు 4 లీటర్లు వేసుకుంటే, నలుగురికి మూడు రోజులకు 48. అంటే 20 లీటర్ల టిన్నులు రెండు, ఓ బిందె. అపార్టుమెంట్లు దెబ్బతినేది వాడకం నీళ్ల దగ్గర. కరెంటు లేకపోతే మోటారు లేదు, మనిషికి రోజుకు 135 లీటర్ల లెక్కన వాడే అలవాటు మాత్రం పోదు. పైట్యాంకు ఒక్కరోజులో ఫ్లష్‌ల పాలవుతుంది. గాలి మొదలవకముందే ట్యాంకు నిండా ఎక్కించి (ఖాళీ ప్లాస్టిక్ ట్యాంకు డాబా మీంచి ఎగిరిపోగలదు, వెయ్యి లీటర్లు నిండితే టన్ను బరువు), వాల్వు కట్టేసి, పూటకో అరగంట వదలాలి. ఇది వానాకాలానికి ముందే అందరూ కూర్చుని ఒప్పుకోవాలి. చీకట్లో, మెట్ల మీద, ఖాళీ బకెట్లతో నిలబడ్డవాళ్ల మధ్య ఏ ఒప్పందమూ కుదరదు.

ఇన్వర్టరు సంగతీ అంతే. 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్లు), 12 వోల్టుల బ్యాటరీలో కాగితం మీద 1800 వాట్-అవర్లు, చేతికొచ్చేది 1200 అనుకోండి. 75 వాట్ల ఫ్యాన్లు రెండు వేస్తే 8 గంటల్లో అయిపోతుంది. 9 వాట్ల బల్బులు రెండు, ఫోను ఛార్జింగు మాత్రమే అయితే నాలుగైదు రాత్రులు లాగొచ్చు. కానీ తెల్లారేసరికి కరెంటొచ్చేస్తుందన్న ఆశతో మొదటి రాత్రే ఫ్యాన్లు తిరుగుతాయి.

తిండికి అటుకులు, పుట్నాలు, బెల్లం, చోడిపిండి (రాగిపిండి) చాలు. చిన్న నోట్లు కొన్ని, కాగితం మీద రాసుకున్న ఫోన్ నంబర్లు.

హుద్‌హుద్ తర్వాత పాల ప్యాకెట్లు, నీళ్ల టిన్నులు నోటికొచ్చిన ధరకు అమ్మారు. దాన్ని మనుషుల దుర్మార్గం అని తీసిపారేస్తే సగమే చూసినట్టు. మూడు రోజులకు ఉన్నవాడు పక్కింటికి ఓ చెంబు ఇవ్వగలడు, ఏమీ లేనివాడు దబాయిస్తాడు. నెలకు సరిపడా దాచినవాడు కూడా తలుపు వేసుకుంటాడు, అదో విచిత్రం.

అన్నిటికన్నా మోసం చేసేది నడిమధ్యలో వచ్చే ప్రశాంతత. తుపాను కన్ను ఊరి మీదికొస్తే హోరు ఒక్కసారిగా ఆగుతుంది. అయిపోయిందనుకుని జనం కారు చూసుకోడానికి, కొమ్మలు తియ్యడానికి బయటికొస్తారు. తర్వాత గాలి ఎదురు దిక్కునుంచి కొడుతుంది. అప్పటిదాకా ఒకవైపు వంగి వేళ్లు వదులైన చెట్లు అప్పుడు పడతాయి. రేడియో చెప్పేదాకా గుమ్మం దాటొద్దు.

కరెంటొచ్చినప్పుడు మెయిన్ ఒకేసారి వేసెయ్యకండి. బల్బు ఒకటి వేసి వెలుగు నిలకడగా ఉందో లేదో చూసి, ఫ్రిజ్జు చివర్న పెట్టాలి. ఇన్వర్టరు బ్యాటరీని మాత్రం ఆ రోజే నిండా ఛార్జి చెయ్యాలి. ఖాళీగా వదిలేస్తే లోపలి సీసం పలకల మీద సల్ఫేటు గట్టిపడి, తర్వాతి తుపానుకు సగం కూడా పనిచెయ్యదు.