పాల్మియే: పొరలు కుదిరాయి, ఇప్పుడు పంచదార సంగతి

ఇంట్లో పఫ్ పేస్ట్రీ (కర్రీ పఫ్‌లకి వాడే పొరల పిండి) చేయడం ఒక దారికొచ్చింది కాబట్టి ఇప్పుడు నా పనంతా పాల్మియేల మీదే. తెలియనివాళ్లకి: బ్రిటానియా లిటిల్ హార్ట్స్ తిన్నారు కదా, దాదాపు అదే ఆకారం, కాకపోతే ఫ్రాన్స్ బేకరీల్లో అరచేయంత ఉంటుంది, వెన్న, మాడీమాడని పంచదార తప్ప అందులో వేరే రుచి లేదు.

ఫ్రెంచిలో పాల్మియే అంటే తాటి, ఖర్జూరం జాతి చెట్టు. ఓవెన్లో రెండు చుట్టలూ విచ్చుకుని దాని ఆకులా కనిపిస్తాయని ఆ పేరు. నాకైతే తాటాకు విసనకర్రే. జర్మన్లు దీన్నే పంది చెవులు అంటారు (పాపం), షాంఘైలో సీతాకోకచిలుక.

మైదా 250 గ్రాములు, చల్లటి నీళ్లు 125 మి.లీ., కాస్త ఉప్పు, ఉప్పులేని వెన్న 190 గ్రాములు. వెన్నని పిండి మధ్యలో మూసి, పొడవుగా వత్తి మూడు మడతలు, ఇలా రెండుసార్లు చేసినప్పుడల్లా అరగంట ఫ్రిజ్‌లో. ఆరుసార్లయితే లెక్కప్రకారం 729 వెన్న పొరలు. చివరి రెండుసార్లు పీట మీద మైదా బదులు పంచదార చల్లాలి, కిటుకంతా అక్కడే. మన పంచదార పలుకులు పెద్దవి, పొరల్ని చింపేస్తాయి, అందుకని మిక్సీలో ఒక్క తిప్పు తిప్పి వాడుతున్నా. పంచదార పడ్డాక పిండిని మర్నాటికి ఉంచకూడదు, నీరు వదిలి జిగురైపోతుంది.

రెండు వైపుల నుంచీ మధ్యకి మడిచి, కాసేపు ఫ్రీజర్లో పెట్టి కోస్తే అంచు శుభ్రంగా వస్తుంది. ఈసారి మార్చింది మందమే. అర సెంటీమీటరైతే కరకరలాడుతుంది గానీ విచ్చుకోదు, ఒకటిన్నరైతే లోపల పచ్చి, ఒక సెంటీమీటరు దగ్గర ఆగాను. ముక్కని పడుకోబెడతాం కాబట్టి ఆవిరి పొరల్ని పైకి కాక పక్కలకి నెడుతుంది, ట్రేలో రెండంగుళాల ఎడం వదలండి.

ఓటీజీ 200 డిగ్రీలు. పన్నెండు నిమిషాల దగ్గర అంచుల చుట్టూ పంచదార బుడగలు తెల్లగా మొదలై తేనె రంగుకి తిరుగుతాయి, అప్పుడే అట్లకాడతో తిప్పేయాలి, ఇంకో ఆరు నిమిషాలు చాలు. చింతపండు రంగుకి పోతే చేదు. చల్లారాక కింది వైపు గాజులా పగులుతుంది. వానాకాలంలో గాలి తగిలితే గంటలో మెత్తబడతాయి, మూత గట్టి డబ్బా ఉండాల్సిందే.

తర్వాతి విడత ఉప్పు వెన్నతో. ఫ్రాన్స్‌లో బ్రిటనీ ప్రాంతంవాళ్లు క్విన్యమాన్‌కి (వెన్న, పంచదార పొరల కేకు) అదే వాడతారు, పిండిలో ఉప్పు మానేస్తే సరిపోతుందనుకుంటున్నా.