తగుదునమ్మా

పోయిన నెల ఇద్దరు స్పెయిన్ వాళ్లతో కళ్యాణదుర్గం వైపు ఒక పల్లెకు వెళ్లాను. నాది దుబాసీ పని. వాళ్ల మాటను తెలుగు చేస్తాను, పల్లె మాటను స్పానిష్ చేస్తాను. రచ్చకట్ట మీద శెనక్కాయలు ఒలుస్తున్న ఒక అవ్వ, వచ్చిన ఇద్దరిలో పెద్దామెను చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఈయమ్మకు పెండ్లి అయిందా?"

అడిగాను. కాలేదని చెప్పింది.

"యాల కాలేదు?"

అక్కడ ఆగిపోయాను. స్పానిష్‌లో మాట దొరక్క కాదు. యాభై దాటిన మనిషిని, చూసి పది నిమిషాలు కూడా కాకముందే, ఆ ప్రశ్న అడగడానికి నాకు నోరు రాలేదు. అవ్వ మోచేత్తో పొడిచింది. "అడుగు మే, నోట్లో ఏం పెట్టుకున్నావు?"

అడిగేశాను. ఆమె కాసేపు నేల చూసింది. మంచం పట్టిన తల్లికి పదిహేనేళ్లు చాకిరీ చేశానని, తల్లి పోయేసరికి పెళ్లి మీద మనసు కూడా పోయిందని చెప్పింది. తెలుగులో చెప్పాను. అవ్వ ఏమీ అనలేదు. ఒళ్లో ఒలిచి పెట్టుకున్న గింజలన్నీ దోసిలితో తీసి ఆమె దోసిట్లో పోసింది. ఎర్రపొట్టు రెండు చేతులకూ అంటుకుంది. అప్పుడు నావైపు తిరిగి "మరి నీకయిందా?" అంది. "ఇంకా లేదవ్వా" అన్నాను.

అనంతపురంలో స్పానిష్ దుబాసీ ఏమిటని బయటి ఊళ్లవాళ్లు అడుగుతుంటారు. బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో మా జిల్లాకు వచ్చారు, 2009లో కన్నుమూసేదాకా ఇక్కడే ఉన్నారు. ఆయన మొదలుపెట్టిన ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే సేవాసంస్థ వల్ల మా పల్లెల్లో స్పెయిన్ వాళ్లు కనబడటం ఇప్పుడు వింతేమీ కాదు.

తిరుగు ప్రయాణంలో జీపులో ఆ పెద్దామె నన్నొక మాట అడిగింది. "ఇలా అన్నీ అడిగేవాళ్లను మేం కొతీయా అంటాం. మీ భాషలో ఏమంటారు?" కోపంగా అడగలేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. నేను సప్తగిరి సర్కిల్ వచ్చేదాకా ఆలోచించాను. ఆరా తీస్తారు, కూపీ లాగుతారు, తల దూరుస్తారు, వేలు పెడతారు. అన్నీ పనులే. ఆ పని చేసే మనిషికి పేరు తట్టలేదు. పేరు లేకుండా ఎలా ఉంటుందని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కొతీయా అనేది స్పెయిన్‌లో రోజూ వినబడే మాట. వాళ్ల వీళ్ల కబుర్లు వెతికి పట్టుకుని పంచిపెట్టే మనిషి అని అర్థం. నిఘంటువులో అదే మాటకు ఇంకో అర్థం కూడా ఉంది: పాతకాలంలో ఆడవాళ్లు నడుముకు బిగించుకునే గట్టి రవిక. మెక్సికోలో మెతీచే అంటారు, అంటే మధ్యలో దూరేవాడు. ఫిస్గోన్ అనే మాట నాకు చాలా ఇష్టం. దాని పక్కనే ఫిస్గా ఉంది, చేపల్ని పొడిచే ముళ్లకర్ర. నీళ్లలోకి కన్నార్పకుండా చూస్తూ, కదిలినదాన్ని పొడిచి పైకి లాగే మనిషి కళ్లముందుకు వస్తాడు.

ఇంగ్లీషులో స్నూప్ అనే మాట డచ్ భాష నుంచి వచ్చింది. అక్కడ దాని అర్థం ఎవరూ చూడకుండా తీపి తినడం. చదవగానే మా ఇంట్లో గూట్లోని బెల్లం డబ్బా గుర్తొచ్చింది. ఎవరి ఇంటి సంగతో చాటుగా తెలుసుకోవడంలో ఆ తీపి నిజంగానే ఉంటుంది. ఈవ్స్‌డ్రాప్ అయితే అచ్చం మన చూరు. వానొస్తే చూరు నీళ్లు పడే జాగాలో, గోడకు ఆనుకుని నిలబడి లోపలి మాటలు వినేవాడి మీద పుట్టిన మాట అది. 18వ శతాబ్దంలో ఇంగ్లండు న్యాయశాస్త్రం రాసిన బ్లాక్‌స్టోన్ దీన్ని నేరాల్లో చేర్చి, జరిమానా ఉందన్నాడు. ఆయన రాసింది జాగ్రత్తగా చదివాను. చూరు కింద నిలబడి వినడంతో ఆపలేదు, విన్నదాంతో చెడ్డ కథలు అల్లేవాళ్లని కూడా కలిపి రాశాడు. రెండూ కలిస్తేనే నేరమని నేను అర్థం చేసుకున్నాను. రచ్చకట్ట మీది అవ్వ అడిగింది, విన్నది, గింజలిచ్చింది. కథ అల్లలేదు. ఆమెను కొతీయా అనడానికి నాకు మనసొప్పదు.

పైగా మా వైపు అడగడానికీ ఒక మర్యాద ఉంది. బయటికి వెళ్లేవాళ్లను "యాడికి?" అనకూడదు. (తాడిపత్రి దగ్గర యాడికి అనే ఊరే ఉంది, ఆ ఊరివాళ్లు ఏం చేస్తారో పాపం.) ఎవరైనా నోరు జారి అలా అడిగితే మా అమ్మ గడప దాటిన కాలు వెనక్కి పెట్టి, గ్లాసు నీళ్లు తాగి, కాసేపు కూర్చుని మళ్లీ బయల్దేరేది. అందుకే పెద్దవాళ్లు "దూరమా?" అంటారు. "కొంచెం దూరమే" అంటే చాలు. చెప్పాలనుకుంటే చెప్పొచ్చు, లేకపోతే అంతటితో వదిలేస్తారు. ఈ "దూరమా"ను స్పానిష్‌లోకి తేవడం ఇన్నేళ్లలో నాకు చేతకాలేదు. మాటకు మాట పెడితే కిలోమీటర్లు అడిగినట్టు ఉంటుంది.

స్పానిష్‌లో ఒక సామెత ఉంది. సంబంధం లేని విషయంలో కలగజేసుకుంటే, "ఈ శవయాత్రలో నీ చేతికి కొవ్వొత్తి ఎవరిచ్చారు?" అంటారు. మన కందకు లేని దురద కత్తిపీటకెందుకు లాంటిదే. కానీ దాన్ని పల్లెలో తెలుగు చేసి చెబితే ఎవరికీ ఎక్కదు. పెళ్లికి పిలిస్తే పోవాలి, చావుకు తెలిస్తే పోవాలి అని పెరిగినవాళ్లం. శవయాత్రకు ఒకరి అనుమతి కావాలంటే మాకు అర్థమే కాదు.

పేరు తెల్లవారుజామున దొరికింది. స్పానిష్‌లో మెతోమెన్‌తోదో అని ఒక మాట ఉంది. విడదీస్తే మేతోమె ఎన్ తోదో, "అన్నింట్లోనూ దూరతాను" అని ఆ మనిషే అంటున్నట్టు. ఒక వాక్యం మొత్తం ముద్దయి పేరైంది. మనకూ సరిగ్గా అలాంటిదే ఉంది: తగుదునమ్మా. తగుదును, అమ్మా. నేను తగినదాన్ని, నేనున్నాను అని పిలవకుండా ముందుకొచ్చే మనిషి నోటి మాట. తగుదునమ్మా అని బయల్దేరింది అంటామే, ఆ మాటే. పెత్తనం కూడా అంతే కదా. పెద్దతనమే పెత్తనమైంది. ఇంగ్లీషు వాళ్లు నోజీ అని తప్పును ముక్కులో పెట్టారు, స్పానిష్ వాళ్లు దూరడంలో పెట్టారు. మన మాట, తనది కాని పెద్దరికం తీసుకోవడం తప్పని చెబుతోంది. లేచి వెంటనే ఆ స్పెయిన్ పెద్దామెకు వాట్సాప్‌లో రాశాను.

నాకు ఈ తేడా పుస్తకాల్లో తెలియలేదు. నా ఇరవయ్యారో ఏట ధర్మవరంలో ఒక సంబంధం కుదిరింది. మగ్గాలున్న ఇల్లు, అబ్బాయి నాకు నచ్చాడు, తాంబూలాలకు రోజు కూడా చూసుకున్నారు. మా వీధిలో వరసకు పెద్దనాయన ఒకాయన ఉండేవాడు. ఎవరూ పంపలేదు, ఎవరూ అడగలేదు. బస్సెక్కి ధర్మవరం వెళ్లి, "పిల్ల ఫారినోళ్లతో జీపుల్లో తిరుగుతాది, మీకు తెలియల్ల గదా" అని చెప్పి వచ్చాడు. అబద్ధం చెప్పలేదు. నేను తిరిగేది జీపుల్లోనే. మూడో రోజు అటునుంచి ఫోనొచ్చింది. అమ్మ అప్పుడు ఓళిగలకు శనగపప్పు ఉడకేసి ఉంది. ఫోను పెట్టేసి పొయ్యి ఆర్పింది, ఆ పప్పును రాత్రి చారులో వాడేసింది.

ఆయన మమ్మల్ని ఏదీ అడగలేదు. ఒక్కసారి మా ఇంటికి వచ్చి "జీపుల్లో యాడికి పోతావమ్మా?" అని అడిగి ఉంటే కూర్చోబెట్టి అంతా చెప్పేదాన్ని.

పోయిన ఏడాది ఆయన పోయాడు. తెలిసింది, వెళ్లాను. పెద్దమ్మ గోడకు ఆనుకుని కూర్చుని, వచ్చినవాళ్లనందరినీ ఎప్పుడొచ్చినారు, ఎట్లొచ్చినారు, పిల్లోల్ని ఎవరి దగ్గర వదిలినారు అని ఏడుస్తూనే అడుగుతోంది. నన్ను చూసి ఆగింది. ఏమీ అడగలేదు. చాప మీద కొంచెం జరిగి చోటిచ్చింది.