ఫైర్ డిగ్రీ మనకు ఏం తెచ్చిపెట్టింది?

నాగ్‌పూర్ నేషనల్ ఫైర్ సర్వీస్ కాలేజీలో ఫైర్ ఇంజనీరింగ్ సీటొచ్చిందంటే విశాఖలోని మా మల్కాపురంలో ఎవరి కంటికీ ఆనలేదు. "ఇంజనీరింగ్ చదివి నీళ్ల పైపు పట్టుకుంటావట్రా?" అని మేనమామ ఎగతాళి చేశాడు. 1997 సెప్టెంబరు 14న మా పక్కనున్న హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో ఎల్‌పీజీ లీకై మంటలంటుకుని, యాభై మందికి పైగా పోయారు. ఆ తర్వాత మామయ్య మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

మనది కేంద్ర హోంశాఖ కాలేజీ కాబట్టి ఫీజు భారం కాలేదు. జేబుకు చిల్లు పెట్టినవి మెస్ బిల్లు, యూనిఫాంలు, బూట్లు, రైలు టికెట్లు. ఇంటి నుంచి కందిపొడి డబ్బా వస్తే రెండు పూటల్లో ఖాళీ. తిన్నవాళ్లలో సగం మంది మన కాలేజీ పూర్వ విద్యార్థుల ఈ సంచిక చదువుతూ ఉంటారు!

ట్రైనింగ్‌లో పొగ గది గుర్తుందిగా? వీపున బీఏ సెట్ (ఊపిరికి గాలి సిలిండరు), కళ్లముందు చీకటి. గోడను అరచేత్తో కాదు, చేతి వెనక వైపుతో తడుముకుంటూ పాకాలి. కరెంటు తీగ తగిలితే అరచెయ్యి దాన్ని బిగించి పట్టేస్తుంది, వెనక వైపైతే చెయ్యి విదిలించుకుంటుంది. నా మొదటి ఇంటర్వ్యూలో మార్కుల సంగతి వదిలేసి ఇదే అడిగారు.

ఉద్యోగాల దగ్గరే చాలామంది లెక్క తప్పుతుంది. ఫైర్ డిగ్రీ అంటే ఫైర్ స్టేషన్ అనుకుంటారు. తెలంగాణలో స్టేషన్ ఫైర్ ఆఫీసర్ పోస్టులు ఎస్సైల నోటిఫికేషన్‌తో కలిసి పడ్డాయి, వాటికి ఫైర్ డిగ్రీయే ఉండాలన్న షరతు లేదు. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఫైర్ పోస్టులకూ మెకానికల్ వాళ్లు మనతో పోటీకొస్తారు. మన చదువుకు అసలు విలువ రిఫైనరీల్లో, పెద్ద ఫ్యాక్టరీల్లో. వెయ్యిమంది పనిచేసే చోట సేఫ్టీ ఆఫీసర్ ఉండాలని 2025 దాకా అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం 40-బి సెక్షనే చెప్పేది. ఎత్తైన భవనాలకు నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్లు, పైపు తగిలించే హైడ్రెంట్లు డిజైన్ చేసే కన్సల్టెన్సీల్లోనూ మనవాళ్లున్నారు.

ఇవేవీ చూసుకోకుండా మా బంధువుల అబ్బాయి ఒకడు "గల్ఫ్ గ్యారంటీ" బోర్డు నమ్మి, అప్పు చేసి ఫైర్ అండ్ సేఫ్టీ డిప్లొమాకు ఫీజు కట్టాడు. ఏ నోటిఫికేషన్‌లో ఆ సర్టిఫికెట్ అడిగారో చూపించమని నేనంటే ఇన్‌స్టిట్యూట్ వాళ్లు కాఫీ ఇచ్చారు, కాగితం మాత్రం ఇవ్వలేదు. గల్ఫ్ కంపెనీలు నెబాష్ (బ్రిటన్ సంస్థ ఇచ్చే సేఫ్టీ సర్టిఫికెట్) అడిగితే దానికి మళ్లీ ఫీజు. ఇప్పుడు సౌదీలోని జుబైల్‌లో బాగానే ఉన్నాడు. మొదటి అప్పు ఇంకా కడుతున్నాడు.