హంటర్ లెప్కీ టేపు: ఫుల్‌బ్యాక్ స్కౌటింగ్ నోట్సు

ఈ నెల నా స్కౌటింగ్ నోట్సంతా ఒక్క ఆటగాడి మీదే. హంటర్ లెప్కీ, అమెరికన్ ఫుట్‌బాల్‌లో నార్త్ డకోటా స్టేట్ యూనివర్సిటీకి ఆడిన ఫుల్‌బ్యాక్, అంటే బంతితో పరుగెత్తేవాడికి ముందు వెళ్లి దారి తీసేవాడు. ఎన్ఎఫ్ఎల్ (ప్రొఫెషనల్ లీగ్) జట్లు కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే 2023 డ్రాఫ్ట్‌లో ఏడు రౌండ్లూ అయిపోయినా అతన్ని ఏ జట్టూ తీసుకోలేదు. ఆ తర్వాత డాలస్ కౌబాయ్స్‌లో చేరాడు, ఆ ఏడాదే 53 మంది జట్టులో నిలబడ్డాడు. అదెలా సాధ్యమైందో అతని కాలేజీ టేపులో, అంటే ఆటల వీడియోలో, కనిపిస్తుందా అన్నదే నేను వెతుకుతున్నది.

2022 జనవరి 8న జరిగిన ఎఫ్‌సీఎస్ (కాలేజీ ఫుట్‌బాల్ రెండో అంచె) ఫైనల్‌తో మొదలుపెట్టాను. మాంటానా స్టేట్ మీద నార్త్ డకోటా స్టేట్ 38-10తో గెలిచింది, లెప్కీ మూడు టచ్‌డౌన్లు (బంతిని ఎదుటివాళ్ల చివరి గీత దాటించడం) చేశాడు, ఆ ఆటలో ఉత్తమ ఆటగాడూ అతనే. ఆట జరిగింది డాలస్ పక్కనున్న మా ఫ్రిస్కోలోనే. కౌబాయ్స్ ప్రాక్టీస్ చేసేదీ ఈ ఊళ్లోనే. ఇక్కడ మన తెలుగువాళ్లు ఇంతమంది ఉన్నాం కదా, ఫుట్‌బాల్ మాట వస్తే బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ దగ్గరే ఆగిపోతాం. ఫుల్‌బ్యాక్ గురించి మాట్లాడేవాళ్లు దొరికితే నాకు పండగే.

చూసే పద్ధతి ఇది. టీవీ రికార్డింగ్‌లో కెమెరా బంతి వెనకే పోతుంది కాబట్టి ప్రతి ప్లేనీ రెండుసార్లు చూస్తాను. మొదటిసారి మామూలుగా. రెండోసారి పావు స్పీడులో, బంతిని పూర్తిగా వదిలేసి ఫుల్‌బ్యాక్ పాదాలు మాత్రమే. షీట్‌లో రాసుకునేవి: ఎక్కడ నిలబడ్డాడు, ఎవరిని అడ్డుకోవాలి, తాకినప్పుడు ఎవరి భుజం కింద ఉంది, తాకాక పాదాలు ఆగాయా లేదా. పరుగెత్తిన గజాలకు కాలమ్ పెట్టలేదు, అవి ఎలాగూ ఆట లెక్కల పట్టికలో (బాక్స్ స్కోరులో) ఉంటాయి.

నేను ఎక్కువసేపు ఆగేది పవర్ ప్లే అనే పరుగు ఎత్తుగడ దగ్గర. అందులో మన ముందు వరసలోని గార్డ్ పక్కకు వచ్చి, ఎదుటి జట్టు రెండో వరసలో ఉండే లైన్‌బ్యాకర్ మీదికి వెళ్తాడు, ఎదుటి ముందు వరసకు చివర్లో ఉన్న డిఫెన్సివ్ ఎండ్‌ను ఫుల్‌బ్యాక్ బయటికి నెట్టాలి. తెలివైన ఎండ్ బయట నిలబడడు. లోపలికి దూరి, బయటి భుజంతో ఫుల్‌బ్యాక్‌ను గుద్ది దారి మూసేస్తాడు. అప్పుడు బయటికి నెట్టడం కుదరదు. ఫుల్‌బ్యాక్ అక్కడికక్కడే తన తల ఎండ్‌కు బయటి వైపుకి మార్చి, అతన్ని లోపలే బిగించేసి, వెనక వచ్చేవాడికి బయట దారి వదలాలి. ఇదంతా ఒకటిన్నర అంగలో తేలిపోతుంది. కుర్రాడు ప్రొఫెషనల్‌గా నిలుస్తాడా లేదా అన్నది నాకు ఇక్కడే తెలుస్తుంది, టచ్‌డౌన్లలో కాదు.

ఇప్పటివరకూ నా అంచనా: బంతి చేతిలో ఉన్నప్పుడు లెప్కీ చాలా మంచి రన్నర్, మొదటి దెబ్బకు పడడు. పాస్ పట్టడంలో చేతులు మెత్తన. బ్లాకింగ్‌లో మనసు పెడతాడు, కానీ 230 పౌండ్ల అటూఇటూ బరువుతో ఎన్ఎఫ్ఎల్ ఎండ్‌ల మీద ప్రతిసారీ గెలవడం కష్టం. ఎఫ్‌సీఎస్‌లో ఎదురైన ఎండ్‌లు అంత బరువుండరని గుర్తుపెట్టుకోవాలి. బాల్టిమోర్‌లో ఫుల్‌బ్యాక్‌గా పేరు తెచ్చుకున్న ప్యాట్రిక్ రికార్డ్ దాదాపు 300 పౌండ్లు, మెయిన్ యూనివర్సిటీలో డిఫెన్సివ్ లైన్‌లో ఆడి వచ్చినవాడు. ఆ దారి లెప్కీది కాదు. అతనిది హార్వర్డ్ నుంచి వచ్చిన ఫుల్‌బ్యాక్ కైల్ యూస్‌చెక్ దారి: ఒక ప్లేలో క్వార్టర్‌బ్యాక్ పక్కనో వెనకో (బ్యాక్‌ఫీల్డ్‌లో), ఇంకో ప్లేలో ముందు వరస చివరుండే టైట్ ఎండ్ పక్కన, మరోసారి పాస్ అందుకోవడానికి పరుగులో. 2017లో శాన్ ఫ్రాన్సిస్కో యూస్‌చెక్‌కు నాలుగేళ్లకు 2.1 కోట్ల డాలర్ల ఒప్పందం ఇచ్చింది ఈ పనితనానికే.

దీనికి తోడు స్పెషల్ టీమ్స్, అంటే బంతిని తన్నే ప్లేలలో దిగే బృందాలు. చాలా జట్లకు అసలు ఫుల్‌బ్యాకే ఉండడు, ఉన్నా ఒక్కడే. కిక్‌ఆఫ్‌కి, పంట్‌కి పరుగెత్తి ట్యాకిల్ చేయలేకపోతే ఆ ఒక్క చోటు కూడా ఇంకెవరికో పోతుంది. ఈ కాలమ్ షీట్‌లో కొత్తగా చేర్చాను.

తర్వాత ఇదే షీట్‌తో విస్కాన్సిన్ యూనివర్సిటీ ఫుల్‌బ్యాక్‌గా అలెక్ ఇంగోల్డ్ ఆడిన 2018 ఆటలు చూస్తాను. 2019లో అతన్నీ డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు, ఎన్ఎఫ్ఎల్ జట్టు రైడర్స్‌లో చోటు సంపాదించాడు. ముందు పవర్ ప్లేలు మాత్రమే వేరుచేసి, లెప్కీవి పక్కన పెట్టి చూడాలి.