ముత్యాల గర్భం, సోమవారాల లెక్క

2016 జూన్‌లో నాకు నెల తప్పింది. పెళ్లయిన మూడేళ్లకు వచ్చిన మొదటి గర్భం కనుక ఇంట్లో అందరికీ సంబరమే. కానీ రెండో నెల నిండేసరికి నా ఒంట్లో జరుగుతున్నవి మామూలు వేవిళ్లు కావని నాకు అనిపించసాగింది. గంజి కూడా కడుపులో నిలిచేది కాదు. ఊరికే కూర్చున్నా గుండె దడదడలాడేది, చేతులు వణికేవి, బడిలో బోర్డు మీద రాస్తుంటే సుద్దముక్క జారిపోయేది. మూడో నెలకే ఐదో నెల కడుపులా కనబడటంతో చూసినవాళ్లంతా కవలలని తేల్చేశారు. మేము చూపించుకున్న నర్సింగ్ హోమ్‌లో కూడా అదే మాట అన్నారు. వాంతులకు మాత్రలు ఇచ్చి, గోధుమరంగు మరక కనిపించినప్పుడు గర్భం నిలవడానికి ఇంజెక్షన్లు చేసి, స్కానింగ్ వచ్చే నెలలో చూద్దామన్నారు. ఆ స్కానింగ్ ఆ రోజే తీయమని నేను గట్టిగా అడగలేకపోయినందుకు ఇప్పటికీ బాధపడతాను.

ఆగస్టులో ఒక రాత్రి రక్తస్రావం మొదలైంది. రక్తంతో పాటు ఉడికిన సగ్గుబియ్యం గింజల్లాంటి నీటిబుడగలు పడ్డాయి. మా అమ్మ వాటిని చూసి, ఏమీ మాట్లాడకుండా ఒక చిన్న డబ్బాలో వేసి మూత పెట్టింది. నరసన్నపేట దగ్గరి మా ఊరి నుంచి కారు మాట్లాడుకుని, తెల్లవారేసరికి విశాఖపట్నంలో ఆంధ్ర వైద్య కళాశాలకు అనుబంధంగా ఉన్న కింగ్ జార్జ్ ఆసుపత్రికి చేరాము. ఆ డబ్బా చూసిన పీజీ డాక్టరమ్మ, స్కానింగ్ కన్నా ముందే, మా అమ్మ చేసిన పని చాలా మంచిదని చెప్పింది.

స్కానింగ్ తెర మీద బిడ్డ లేదు. గుండె చప్పుడు లేదు. గర్భసంచి నిండా తెల్లటి చుక్కలు, మంచు కురుస్తున్నట్టు. పీజీ డాక్టరమ్మ మౌనంగా లేచి వెళ్లి అసిస్టెంట్ ప్రొఫెసర్‌ను పిలుచుకొచ్చింది. ఆవిడ తెరను కాసేపు చూసి, నా భుజం మీద చెయ్యి వేసి, "అమ్మా, దీన్ని ముత్యాల గర్భం అంటారు. ఇందులో బిడ్డ ఏర్పడదు. మాయ కావలసిన కణాలే ఇలా బుడగలుగా పెరిగిపోతాయి. ముందు దీన్ని తీసేయాలి, ఆ తర్వాత చాలా రోజులు మేము నిన్ను వదలం" అన్నారు. ఆ చివరి మాటకు అర్థం నాకు రెండు నెలల తర్వాత గానీ తెలియలేదు.

ఆ సాయంత్రం వచ్చిన రక్తపరీక్షలో బీటా హెచ్‌సీజీ 4,12,000 ఉంది. గర్భం వచ్చిందని మనకు తెలియజేసే హార్మోనే అది. మాయ కణాలు అదుపు తప్పి పెరగడంతో అది లక్షల్లోకి వెళ్లింది. ఈ హార్మోన్‌కు, థైరాయిడ్ గ్రంథిని పనిచేయించే హార్మోన్‌కు నిర్మాణంలో పోలిక ఉండటం వల్ల, అది ఇంత ఎక్కువైనప్పుడు థైరాయిడ్ కూడా రెచ్చిపోతుందట. నా వణుకుకు, గుండెదడకు కారణం అదే. వెంటనే మత్తు ఇస్తే ప్రమాదమని మత్తు డాక్టరు ఆపారు. జనరల్ మెడిసిన్ వాళ్లు వచ్చి గుండె వేగం తగ్గే మాత్రలు, థైరాయిడ్‌ను అణిచే మాత్రలు మొదలుపెట్టారు, ఊపిరితిత్తులకు ఎక్స్‌రే తీయించారు. స్త్రీల వార్డులో పడుకున్న నా మంచం దగ్గరికి రెండు రోజుల్లో నాలుగు విభాగాల డాక్టర్లు వచ్చి వెళ్లారు. పెద్దాసుపత్రి అంటే ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది. మూడో రోజు సక్షన్ పద్ధతిలో, అంటే గొట్టంతో లోపలిదంతా పీల్చి, గర్భసంచిని శుభ్రం చేశారు. ఒక సీసా రక్తం ఎక్కించాల్సి వచ్చింది.

ఆ తర్వాత రోజులు శరీరానికి తేలిక, మనసుకు కష్టం. పక్క వరుస నుంచి పసిపిల్లల ఏడుపు వినిపించేది. నేను ఏడవాలంటే ఎవరి కోసం ఏడవాలో తెలిసేది కాదు. పోయిన బిడ్డ అనుకుందామంటే బిడ్డే లేదన్నారు, ఏమీ పోలేదనుకుందామంటే రెండు నెలలుగా నేను పేర్లు ఆలోచిస్తూ వచ్చాను. మా అత్తగారు మంచి మనిషే గానీ ఆవిడకు తెలిసిన కారణాలు ఆవిడకు ఉన్నాయి. "ఏటి తిన్నావమ్మా? గ్రహణం నాడు బయటికెళ్లావేటి?" అని రెండుసార్లు అడిగారు. అది విన్న అసిస్టెంట్ ప్రొఫెసర్ ఆవిడను కుర్చీలో కూర్చోబెట్టి, పాథాలజీ రిపోర్టు చేతిలో పెట్టుకుని చెప్పారు. నాకు వచ్చిన, బిడ్డ అసలే ఏర్పడని పూర్తి రకం ముత్యాల గర్భంలో తల్లి జన్యువులు లేని ఖాళీ అండంలోకి వీర్యకణం చేరి, ఎక్కువగా ఆ ఒక్క కణంలోని జన్యువులే రెట్టింపై పెరుగుతాయని, ఇది ఏ తిండి వల్లా, ఏ గ్రహణం వల్లా రాదని, ఇందులో కోడలి తప్పు గానీ కొడుకు తప్పు గానీ లేదని వివరించారు. మా అత్తగారు అంతా విని, "అయితే ఎవరి తప్పూ కాదన్నమాట" అని ఆ రోజు నుంచి తానే నాకు జావ కాచి తెచ్చేవారు. మందులన్నిటికన్నా ముందు నాకు పనిచేసింది ఆ పావుగంట అని నా నమ్మకం.

ఇంటికి పంపేటప్పుడు ప్రతి సోమవారం వచ్చి రక్తం ఇవ్వమన్నారు. ముత్యాల గర్భం తీసేసిన తర్వాత చాలామంది స్త్రీలు కోలుకున్నామనుకుని పరీక్షలకు రావడం మానేస్తారని, పూర్తి రకం వచ్చినవారిలో వందకు 15 నుంచి 20 మందికి మిగిలిన కణాలు మళ్లీ పెరుగుతాయని, అవి పెరుగుతున్నాయని చెప్పేది ఈ హెచ్‌సీజీ అంకె ఒక్కటేనని పీజీ డాక్టరమ్మ నాతో మూడుసార్లు చెప్పించుకుంది. నేను ఒక ఎర్ర అట్ట నోటుబుక్కు కొన్నాను. తెల్లవారుజామున 4 గంటల బస్సు, అక్కడి నుంచి ఆటో, ఓపీ చీటీ, రక్తం, మళ్లీ బస్సు. మొదటి సోమవారం 38,000. రెండో సోమవారం 9,400. మూడోసారి 3,100. నేను బడిలో పిల్లలకు తీసివేతలు చెప్తూ లోపల నా లెక్క వేసుకునేదాన్ని, ఈ లెక్కన దసరాకు సున్నా అవుతుందని. నాలుగో సోమవారం 2,950. ఐదోసారి 3,020. ఆరోసారి 2,980.

మూడు వారాల పాటు నాలుగు పరీక్షల్లో అంకె దాదాపు ఒకేచోట నిలిచిపోతే, దాన్ని గర్భంతో మొదలైన కణితిగా లెక్కించి కీమోథెరపీ ఇస్తారు. క్యాన్సర్ అన్న మాట ఆ ఆరో సోమవారమే మొదటిసారి విన్నాను. నా వయసు 27. మా ఆయన గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయారు. డాక్టర్లు మాత్రం నెమ్మదిగా ఒక కాగితం మీద లెక్క వేశారు. వయసుకు ఇన్ని, హార్మోన్‌కు ఇన్ని, గర్భసంచి గోడలో కనిపించిన మూడున్నర సెంటీమీటర్ల గడ్డకు ఇన్ని అని పాయింట్లు వేయగా మొత్తం 2 వచ్చింది. 6 దాకా తక్కువ ప్రమాదం కిందకే వస్తుందని, ఈ రకం దాదాపు అందరికీ నయమవుతుందని, గర్భసంచి తీయనక్కరలేదని చెప్పారు. క్యాన్సర్లలో ఇంత ధైర్యంగా చెప్పగలిగే మాట ఇంకొకటి లేదని అసిస్టెంట్ ప్రొఫెసర్ అన్నప్పుడు, ఆ గొంతులోని నిశ్చయాన్నే నేను పట్టుకున్నాను.

మందు పేరు మెథోట్రెక్సేట్. ఎనిమిది రోజుల వరుసలో 1, 3, 5, 7 రోజుల్లో 50 మిల్లీగ్రాముల ఇంజెక్షన్, మధ్య రోజుల్లో దాని విషం ఒంటికి తగలకుండా ఫోలినిక్ ఆమ్లం మాత్ర. పదిహేను రోజులకొకసారి ఇదే వరుస. గర్భం నాటి నుంచి అలవాటుగా వేసుకుంటున్న ఫోలిక్ ఆమ్లం మాత్రల అట్టను నర్సు నా సంచిలో చూసి తీసేసుకుంది. మెథోట్రెక్సేట్ పని ఆ విటమిన్‌ను కణాలు వాడుకోనీయకుండా చేయడమే కనుక, రెండూ కలిపి వేసుకుంటే మందు బలం తగ్గిపోవచ్చని అప్పుడే తెలిసింది. అక్కడే పీజీ డాక్టరమ్మ నాకు ఇంకో సంగతి చెప్పింది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుల జబ్బుతో చనిపోయారట. ఆయన అమెరికా వెళ్లి లెడర్లే ప్రయోగశాలలో పనిచేసినప్పుడు, ఆయన బృందం మొదట ఫోలిక్ ఆమ్లాన్ని, తర్వాత దానికి విరుగుడుగా పనిచేసే ఈ మందులను తయారుచేసింది. ఆయన 1948లో పోయారు. 1956లో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ అనే డాక్టర్లు ఇదే మందు నా జబ్బు కుటుంబానికే చెందిన క్యాన్సర్‌ను తగ్గించిందని ప్రకటించారు. గడ్డలు మాయమైనా హార్మోన్ పూర్తిగా పోయేదాకా మందు ఆపకూడదని లీ పట్టుబట్టారు, ఆ పట్టుదలకు ఆయన ఉద్యోగమే పోయింది. చివరకు ఆయన మాటే నిజమైంది.

నోటిపూత వచ్చి వారం రోజులు పెరుగన్నం తప్ప ఏమీ మింగలేకపోయాను. కళ్లలో ఇసుక పడ్డట్టుండేది. తెల్లకణాలు తగ్గడంతో ఒకసారి వారం ఆలస్యమైంది. జుట్టు మాత్రం పెద్దగా రాలలేదు. మందు ఖర్చు ఆరోగ్యశ్రీలో పోయింది. నోటుబుక్కులో 640, 71, 9 అని రాసుకుంటూ వచ్చాను, నాలుగో వరుస తర్వాత 2 కన్నా తక్కువ, అంటే మామూలు స్థాయి అని వచ్చింది. నేను ఇంక చాలనుకున్నాను. డాక్టర్లు మాత్రం కనిపించని కణాల కోసం ఇంకో మూడు వరుసలు ఇవ్వాలన్నారు. లీ సంగతి తెలియకపోతే ఆ మూడింటికి నేను వెళ్లేదాన్నో లేదో చెప్పలేను. నా పక్క మంచాల మీద గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో పాడేరు వైపు నుంచి వచ్చిన పెద్దవాళ్లు ఉండేవారు. వాళ్లలో ఒకామె నా సూది మచ్చలు చూసి తన దుప్పటి నా మీద కప్పింది.

2017 ఫిబ్రవరిలో చివరి ఇంజెక్షన్ అయ్యింది. ఆ తర్వాత ఏడాది పాటు నెలకొకసారి పరీక్ష, ఆ ఏడాది గర్భం రాకుండా మాత్రలు. కొత్త గర్భం వస్తే హార్మోన్ పెరిగినది అందుకా, జబ్బు తిరగబెట్టినందుకా అన్నది తెలియకుండా పోతుంది కనుక ఆ నియమం తప్పకూడదన్నారు. బంధువుల ప్రశ్నలకు మా అత్తగారే జవాబు చెప్పేవారు.

2018లో మళ్లీ నెల తప్పినప్పుడు, ఇంకోసారి ముత్యాల గర్భం వచ్చే అవకాశం వందలో ఒకటే అని తెలిసినా, ఏడో వారం స్కానింగ్‌కు నా కాళ్లు నడవలేదు. అదే గది. ఈసారి తెర మీద నల్లని సంచిలో ఒక గింజ, ఆ గింజలో కొట్టుకుంటున్న వెలుగు. పాప 2019 మార్చిలో పుట్టింది. మాయను పాథాలజీకి పంపారు, అది మామూలుగానే ఉంది. అయినా కాన్పు తర్వాత ఆరో వారం ఒక్కసారి రక్తం చూడాలన్న నియమం ఉందని, బిడ్డను ఎత్తుకుని అదే 4 గంటల బస్సెక్కాను. మర్నాడు ఫలితం 2 కన్నా తక్కువ అని వచ్చింది. ఎర్ర అట్ట నోటుబుక్కు తీసి, తేదీ వేసి, ఆ అంకె రాసి, దాని కింద గీత గీశాను.