పుట్టుగ్రుడ్డివాని సాక్ష్యం

యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయంలో యేసుప్రభువు నేలమీద ఉమ్మివేసి, ఆ ఉమ్మితో మట్టిని కలిపి, పుట్టుగ్రుడ్డివాని కన్నులకు పూసి, సిలోయము కోనేటిలో కడుగుకొమ్మని పంపుతారు. అతడు చూపుతో తిరిగివచ్చాక అధ్యాయమంతా విచారణే. ఆ బిచ్చగాడు ఇతడేనా అని ఇరుగుపొరుగువారు వాదులాడుకొంటారు. యూదుల మతనాయకులైన పరిసయ్యులు పిలిపించిన తల్లిదండ్రులు భయపడి, వాడికి వయసు వచ్చింది కదా, వాడినే అడగండని తప్పుకొంటారు. అతడు మాత్రం, తనను బాగుచేసినవాడు పాపియో కాడో తనకు తెలియదని, ఒకప్పుడు గ్రుడ్డివాడైన తాను ఇప్పుడు చూస్తున్నాడన్న ఒక్క సంగతి తెలుసునని చెబుతాడు.

అద్భుతాలను కతోలిక విశ్వాసానికి సాక్ష్యంగా తీసుకోవచ్చునా అని ఎవరైనా అడిగినప్పుడు నాకు ఈ మాటే గుర్తుకు వస్తుంది. తెలిసినంతవరకే చెప్పి ఆగిన ఆ నిజాయితీ శ్రీసభ, అంటే కతోలిక సంఘం, జరిపే విచారణలోనూ కనిపిస్తుంది. ఫ్రాన్సులోని లూర్దులో 1858లో మరియమాత బెర్నదెత్త అనే బాలికకు దర్శనమిచ్చిన నాటినుండి అక్కడ స్వస్థత పొందామని తెలియజేసినవారు 7,000 మందికి పైగా ఉండగా, 2018 నాటికి శ్రీసభ అద్భుతాలుగా ప్రకటించినవి 70 మాత్రమే. రోగం తీవ్రమైనదై ఉండాలని, చేసిన వైద్యంవల్ల నయమైందని చెప్పడానికి వీలులేకుండా ఉండాలని, స్వస్థత హఠాత్తుగా, సంపూర్ణంగా కలిగి స్థిరంగా నిలవాలని నియమాలున్నాయి. తరువాత 14వ బెనెడిక్టు పోపు అయిన లాంబెర్తీని అనే కార్డినల్ 18వ శతాబ్దంలో రాసిన ప్రమాణాలే వాటికి ఆధారం. వైద్యులు, ఈ స్వస్థతకు నేటి వైద్యజ్ఞానంలో వివరణ లేదని మాత్రమే చెబుతారు. అది దేవుని కార్యమని ప్రకటించే బాధ్యత మేత్రాణులది, అంటే బిషప్పులది.

ఇతర మతాలవారు కూడా అద్భుతాలు చెబుతారు కదా అన్న అభ్యంతరాన్ని నేను తేలికగా తీసుకోను. ఒక రోగి లేచి నడిచినంతమాత్రాన పోపుగారి అధికారమో, దివ్యసత్ప్రసాదంలో, అంటే పూజలో ఆశీర్వదించిన అప్పంలో, క్రీస్తు సాన్నిధ్యమో రుజువైపోదు. అయితే ఆ స్వస్థత ఎవరిని వేడుకొంటుండగా, ఏ ఆరాధన మధ్య కలిగిందో, ఆ సందర్భం కూడా సాక్ష్యంలో భాగమే. లూర్దులో దివ్యసత్ప్రసాద ప్రదక్షిణ సాగుతుండగా బాగుపడినవారున్నారు. అద్భుతాలు అందరి బుద్ధికీ అందే గుర్తులని 1870లో మేత్రాణుల సమావేశమైన మొదటి వాటికన్ మహాసభ బోధించింది, విశ్వాసం మాత్రం దేవుడిచ్చే వరమని కూడా అదే సభ చెప్పింది. లూర్దు దర్శనాలను నమ్మితీరాలని శ్రీసభ ఏ కతోలికునీ నిర్బంధించదు. కనుక ఇవి సాక్ష్యాలేనని, కాని విశ్వాసమనే భారమంతా వీటిమీదనే మోపకూడదని నేను అనుకొంటాను.

ఆ గ్రుడ్డివాడు కూడా ఒక్క క్షణంలో విశ్వాసి కాలేదు. మొదట ‘యేసు అనే మనిషి’ అన్నాడు, తరువాత ప్రవక్త అన్నాడు, ఆపైన దేవునియొద్దనుండి వచ్చినవాడన్నాడు. ఆ మాటకు అతనిని వెలివేశారు. సిలోయముకు బయలుదేరినప్పుడు కన్నులమీద ఇంకా మట్టి ఉంది కాబట్టి, చూపునిచ్చినవాని ముఖం అతడు అప్పటికి చూడనేలేదు. వెలివేశారని విని ప్రభువే అతనిని వెదకివచ్చి ఎదుట నిలిచినప్పుడు, ‘ప్రభువా, నేను విశ్వసిస్తున్నాను’ అని ఆయనను ఆరాధించాడు.