మచాయస్ సీల్ దీవిలో ఒక ఉదయం

జూలైలో ఒక తెల్లవారుజామున, అమెరికా ఈశాన్య కొసన ఉన్న మెయిన్ రాష్ట్రంలోని కట్లర్ రేవు నుంచి మా పడవ బయలుదేరింది. రొయ్యను పోలిన పెద్ద సముద్రజీవి లాబ్‌స్టర్‌ను పట్టే బోనుల జాడ తెలిపే రంగురంగుల బెండ్లు పక్కకు వచ్చేదాకా కనిపించనంత దట్టంగా పొగమంచు కమ్ముకుని ఉంది. అక్కడికి సుమారు 16 కిలోమీటర్ల దూరంలో ఉన్న మచాయస్ సీల్ దీవి చెట్టన్నది లేని రాతిగడ్డ. దాని విస్తీర్ణం దాదాపు 20 ఎకరాలే అయినా, అది తమదేనని అమెరికా, కెనడా నేటికీ వాదిస్తున్నాయి.

తగవుకు మూలం 1783 నాటి పారిస్ ఒప్పందం. తీరానికి 20 లీగుల (సుమారు 110 కిలోమీటర్ల) లోపలి దీవులను అమెరికాకు ఇస్తూనే, నేడు కెనడాలో భాగమైన నోవా స్కోషియా పరిధిలోని వాటిని అది మినహాయించింది. కెనడా 1621 నాటి నోవా స్కోషియా దానపత్రాన్నీ, 1832లో బ్రిటిష్ వారు ఇక్కడ వెలిగించిన లైట్‌హౌస్ దీపాన్నీ సాక్ష్యంగా చూపుతుంది. 1984లో అంతర్జాతీయ న్యాయస్థానం ఈ సముద్రంలో సరిహద్దు నిర్ణయించినప్పుడు కూడా, ఇరు దేశాలూ ముందే కుదుర్చుకున్న ప్రకారం, ఆ గీత దీవిని తాకకుండా దూరం నుంచే మొదలైంది.

పెద్ద పడవను దూరంగా నిలిపి, చిన్న పడవలో మమ్మల్ని నాచు పట్టిన రాళ్లమీద దింపారు. పాస్‌పోర్టు ఎవరూ అడగలేదు. పక్షులను చూడడానికి కట్టిన ఇరుకైన చెక్కగదిలో ఊపిరి బిగబట్టి కూర్చున్నాము. పైకప్పుమీద పఫిన్లనే సముద్రపక్షుల పాదాలు టపటపమంటున్నాయి. కిటికీకి మూరెడు దూరంలో ఒక పఫిన్, ముక్కున అడ్డంగా కరచిన వెండిరంగు చేపలతో కాసేపు నిలబడి, పిల్ల ఉన్న రాతిసందులోకి దూరిపోయింది.

అసలు పోటీ చుట్టూ ఉన్న నీటికోసం. ఇరు దేశాలూ తమదనే, దాదాపు 700 చదరపు కిలోమీటర్ల ఈ 'గ్రే జోన్'లో 2002 నుంచి కెనడా తన జాలర్లను వేసవిలోనూ అనుమతించడంతో, ఇరువైపుల బోనులూ ఒకే అడుగున దిగి తాళ్లు చిక్కుపడుతున్నాయి. మెయిన్ జాలరి సంతతికోసం తిరిగి నీటిలో విడిచిపెట్టవలసిన పెద్ద లాబ్‌స్టర్‌ను, పక్క బోనులో పడితే కెనడా జాలరి అమ్ముకోవచ్చు. దీవి ఎవరిదో తేలకపోయినా, ఈ ఒక్క విషయంలోనైనా ఉమ్మడి నియమం పెట్టుకోవచ్చునన్నది నా గట్టి అభిప్రాయం.

మనుషులు లేకుండానే పనిచేసే లైట్‌హౌస్‌లు కెనడాకు ఎన్నో ఉన్నా, ఇక్కడ మాత్రం హక్కు నిలుపుకోవడానికి కాపలాదారులను వంతులవారీగా ఉంచుతోంది. మేము తిరిగి పడవ ఎక్కేసరికి మంచు విడిపోయింది. లైట్‌హౌస్ పక్క ఇంటి దగ్గర, తీగమీద ఆరవేసిన రెండు చొక్కాలు గాలికి కొట్టుకుంటున్నాయి.